ముట్టకూడని కుండల దగ్గర

ప్రతి ప్రాణికీ వేళకు ఇంత ఆహారం చూపించే దేవునికి స్తోత్రం. ఏ ఇంట పొయ్యి రాజుకున్నా అది ఆయన దయే. ఆ దయను తలచుకోకుండా నా పని గురించి ఒక్క మాట రాయడానికి నాకు చెయ్యి రాదు.

అప్పట్లో మా ఊళ్ళు కర్నూలు జిల్లాలో ఉండేవి, పాలన మద్రాసు నుంచి. కొమరోలు దగ్గర పల్లెలో కూలి చేసుకునే క్రైస్తవ విశ్వాసుల ఇంట పుట్టిన నన్ను మిషనువాళ్ళు చదివించి, నర్సు పని నేర్పించి, ఆ తర్వాత రోగుల ఆహారం చూసే పనిలో తర్ఫీదుకు పెట్టారు. దాన్ని పథ్యం పని అనేవాళ్ళం. తర్ఫీదు ముగిసేలోగా నేను ఎక్కడ పనిచేస్తానో మిషను ఆసుపత్రి నడిపే డాక్టరు దొరసానిగారికి చెప్పాలి. ఉన్నవి రెండే చోట్లు: ఆసుపత్రి వంటగది, ఆడపిల్లల బోర్డింగు బడి. చెప్పాక మార్చుకోవడం ఉండదు.

ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉన్నంతసేపూ బోర్డింగే అనిపించేది. లేచి ఆసుపత్రిలోకి పోగానే వంటగదే అనిపించేది. దేవుని పిలుపు ఏదో, నా ఇష్టం ఏదో విడదీయలేకపోయాను. నాయన చూడడానికి వచ్చినప్పుడు అడిగాను.

"బోర్డింగే మేలు బిడ్డా. ఆడ పిల్లోళ్ళు నువ్వు పెట్టింది తింటారు. ఈడ నీ చేతి వంట సగం మంది ముట్టరు గదా" అన్నాడు.

అది నిజమే. భూములున్న హిందూ కుటుంబాలవాళ్ళు మా వంట తినేవారు కారు. వాళ్ళ కోసం ఆసుపత్రి వెనక ఒక రేకుల సాల ఉండేది. రోగి బంధువులు కుండలు, కట్టెలు తెచ్చుకుని అక్కడే వండుకునేవారు. ఆ సాలలో నాకు పని లేదు.

ఆ రోజుల్లోనే రాచర్ల వైపు నుంచి ఒక బాలింత వచ్చింది. కాన్పులో చాలా రక్తం పోయింది. వెంట అత్త ఉంది. దొరసానిగారు తెలుగు శ్రద్ధగా నేర్చుకున్న మనిషి. మంచం దగ్గర నిలబడి, కోడలికి పథ్యం బాగా పెట్టాలని అత్తకు రోజూ చెప్పేవారు. అత్త తల ఊపేది. కోడలు మాత్రం పాలిపోతూనే ఉంది, బిడ్డకు పాలు చాలడం లేదు. మందు మార్చినా గుణం కనబడలేదు. సాలకు పోయి ఏం పెడుతున్నారో చూసి రమ్మని నన్ను పంపారు.

నేను సాల బయటే నిలబడ్డాను. ఆకులో పొడి అన్నం, దాని మీద వెల్లుల్లి కారం, అంతే. పప్పూ, ఆకుకూరా, మజ్జిగా ఏవని అడిగాను.

"మొన్నటిదాకా రవ్వంత మజ్జిగ పోసినా. దొరసానమ్మ పథ్యం బాగా పెట్టమనె. అదీ మానిపిచ్చినా. ఇంగేం మానిపియ్యాల్నో నువ్వే చెప్పు" అంది అత్త.

దొరసానిగారు నేర్చుకున్న తెలుగులో పథ్యమంటే రోగికి పెట్టవలసిన ఆహారం. ఆ అత్త ఇంట్లో పథ్యమంటే రోగి చేత ఒక్కొక్కటీ మానిపించడం. దొరసానిగారు చెప్పిన మాట ఆమె ఒక్కటీ జవదాటలేదు.

పథ్యం సంగతి వదిలేసి కోడలికి కడుపునిండా పెట్టమని చెప్పాను. ఆమె నన్ను కింది నుంచి పైకి చూసింది.

"గాలి కొడితే పడేట్టుండావు, నువ్వు తిండి చెప్పేదానివా? పచ్చి బాలింత. చలవ చేసి జన్ని జరం కమ్మితే నువ్వొస్తావా ఏంది?"

"వస్తానమ్మా. పూటపూటా ఈడ్నే ఉంటా."

ఆమె పొయ్యిలో కట్టె ఎగదోసింది. "అయితే కుండలు ముట్టగాకు. ఆడ కూసోని చెప్పు. నీ మాట చెడిందో, నిన్నే అడుగుతా."

బయట రాయి మీద కూర్చుని చెప్పాను. మొదట పల్చటి పప్పుకట్టు, తర్వాత మునగాకు, వేడి పాలు. ఆమె గొణుగుతూనే వండింది. మెల్లగా కోడలి మొహం తేటపడింది, బిడ్డ ఏడుపు తగ్గింది. పక్క పొయ్యిల వాళ్ళు కూడా తమ రోగులకు ఏం పెట్టాలో అడగసాగారు.

గడువు వచ్చినప్పుడు, నాకు సాల కావాలని దొరసానిగారితో అన్నాను. ఆమె తెల్లబోయారు.

"అక్కడ నీవు వంట చేయకూడదు గదా. మరి నీవు చేయు పని ఏమి?"

చివరకు ఆమె నన్ను వంటగదిలోనే వేసి, సాలలో పొయ్యిలు వెలిగించే వేళకు అక్కడికి పోనిచ్చారు. చాలా ఏళ్ళు అట్లాగే జరిగింది.

మా సంఘంలో పెద్దలు కొందరు నన్ను నిలదీశారు. కుండ ముట్టనివ్వని వాళ్ళ ముందు రాయి మీద కూర్చోవడం సేవ ఎట్లా అవుతుందని, మన తలవంపును మనమే ఒప్పుకున్నట్టు కాదా అని. అది ప్రభువు చూపిన చోటని ఒక రోజు గట్టిగా అనిపించేది. మరునాడు అదే రాయి మీద కూర్చుంటే అవమానంతో చెవులు వేడెక్కేవి. ఇన్నేళ్ళ ప్రార్థనలోనూ ఆ రెండూ నాలో ఒకటి కాలేదు.

చదువుతున్న సోదరీ, సోదరుడా, ఒక్క నిమిషం ఈ పుస్తకం పక్కన పెట్టి నాతో తల వంచండి. చేయవలసిన పని కళ్ళెదుట ఉన్నా అది తమ చోటేనా అని తేల్చుకోలేని వాళ్ళందరినీ ఆయన చేతికి అప్పగిద్దాం. నన్ను కూడా ఆ వరుసలో తలచుకోండి.