ముందు గది దూలం

నాన్నగారు చనిపోయిన ఏడాది, డెబ్భైల చివర్లో, రాజోలు దగ్గరున్న మా పెంకుటిల్లు అమ్మేసేం. కొన్నాయన హైస్కూలు మాస్టారు. రిజిస్ట్రేషన్ అయ్యాక అమ్మా నేనూ అమలాపురంలో అద్దెకి దిగేం. ఆ రోజుల్లో నాకు ఏడుపు రాలేదు. ఆకలీ సరిగా తెలిసేది కాదు. ఎవరేం చెబితే అది చేసేదాన్ని.

తొలకరి పడగానే మాస్టారి భార్య బస్సెక్కి వచ్చేరు. ముందు గదిలో పెంకుల కింద కట్టిన చాపలు నానిపోయి జారేయట. విప్పి చూస్తే మామిడి దూలాన్ని చెద తినేసిందట. కప్పు ఓ పక్కకి కుంగడంతో పిల్లల్ని వంటింట్లో పడుకోబెడుతున్నారట. ఆవిడ కోపంగా మాట్లాడలేదు. కాఫీ గ్లాసు కింద పెట్టి, "మీకు ముందే తెలుసాండీ?" అనడిగేరు.

ఆ చాపలు నాన్నగారు పోయేముందు వేసవిలో కట్టించినవి. వేడి దిగకుండా అని మాతో చెప్పేరు.

"నాకు తెలీదండీ. ఆయనకి తెలుసో లేదో, అదీ తెలీదు. అడుగుదామంటే మనిషి లేరు కదా," అంది అమ్మ.

ఆవిడ వెళ్ళేక, నాన్నగారు తెలిసే కట్టించేరంటావా అని అడిగేను. అమ్మ గ్లాసులు కడిగి బోర్లించింది.

అమ్మకం వ్యవహారమంతా చూసిన బాబాయిగారు మాత్రం ఒప్పుకోలేదు. వాళ్ళు చూసుకునే కొన్నారు, రిజిస్ట్రేషన్ అయిపోయాక మనకి సంబంధం లేదు, ఇవాళ దూలమంటే రేపు గోడంటారు అని వాదించేరు.

"ఆయ్, సంబంధం లేదులెండి," అంది అమ్మ. అని, మా పొలం గట్టు మీదున్న తాడిచెట్లలో బాగా ముదిరినదాన్ని దూలానికి కొట్టించమని పాలేరుకి కబురు పెట్టింది. దూలం చెక్కి ఆరేదాకా మాస్టారు కప్పు కింద రాటలు ఊతంగా పెట్టుకున్నారు. వడ్రంగి కూలి తామే ఇచ్చుకుంటామన్నారు.

దూలం ఎక్కించే రోజు మమ్మల్ని రమ్మన్నారు. అమ్మ వాకిట్లోనే నిలబడిపోయింది. నేను లోపలికెళ్ళేను. నాన్నగారి మంచం ఉండే చోట కుట్టుమిషనుంది. చూస్తే ఏమీ అనిపించలేదు. ఏదో ఒకటి అనిపించాలి కదా అనుకుంటూ అక్కడే నిలబడ్డాను.

దూలం గోడల మీద కూర్చున్నాక మాస్టారు బయటికొచ్చి, "ఇంక మీకేం బాధ్యత లేదండీ," అన్నారు. అమ్మ తలూపింది.

వాళ్ళింట్లోనే భోజనం పెట్టేరు. అమ్మ అడిగి మారు వడ్డించుకుంది. నేనూ కొంచెం తిన్నాను. తిరుగు బస్సులో అమ్మ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.