నల్లగొండ మాట మాట్లాడిన తుపాకీ వీరుడు

మొన్న దిల్‌సుఖ్‌నగర్ మెట్రోలో పక్కసీటు అమ్మాయి ఫోనులోకి తొంగి చూశానో లేదో, ప్రాణం లేచొచ్చిందనుకోండి! ఎక్కడో వేరే గ్రహం మీది ఎడారిలో, తన తలకి వెల కట్టినా, చేతిలో తుపాకీ ఉన్నా, ఒక్క ప్రాణం కూడా తియ్యనని ఒట్టుపెట్టుకుని పారిపోతూ తిరిగే జపాను కార్టూను వీరుడు! మా వీరుడు!

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. గుంటూరు నుంచి వచ్చిన నేను, దిల్‌సుఖ్‌నగర్‌లో మా ప్రాంతం ఆయనే నడిపే ఓ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ల్యాబు చూసుకునేదాన్ని. రిసెప్షన్‌లో ఉండే అమ్మాయిది, నేను చెల్లీ అనేదాన్ని, నల్లగొండ దగ్గర పల్లె, ఎల్బీనగర్‌లో కిరాయికుండేది. ఓ విద్యార్థి ఇచ్చిన సీడీల్లో దొరికిందా కార్టూను. మాటలు జపానువి, కింద ఇంగ్లీషు అక్షరాలు. చెల్లి అంత వేగంగా చదవలేదు గనక సీను ఆపి నేను అర్థం చెప్పడం, ఆనక ఇద్దరం పాత్రలు పంచుకుని మా మాటల్లో మేం ఆడెయ్యడం అలవాటైపోయింది. వీరుడు తను, విలన్లందరూ నేను. ఇద్దరు పిల్లల తల్లిని, సిగ్గుండాలి కదా, లేదు!

బంద్ నాడు షట్టరు దించుకుని లోపల కాపలా ఉండమనేవాడు యజమాని. ఒకనాడు ఒళ్ళు మరిచి స్పీకర్లు పెంచేశాం. ఆ మోత విని, దొంగచాటుగా క్లాసులు నడుపుతున్నారనుకుని పాతికమంది కర్రలతో వచ్చి షట్టరు బాదారు. ఒక్క కంప్యూటరు పగిలినా నా ఉద్యోగం ఊడుతుంది. చెల్లి షట్టరెత్తి, కార్టూను చూస్తున్నామని ఎంత చెప్పినా వాళ్ళు నమ్మక, ఏదీ చూపించమన్నారు. సీను పెట్టానా, భయంలో అలవాటే నోటికొచ్చి, విలన్ మాట పచ్చి గుంటూరు యాసలో అనేశాను.

"ఏరా, తుపాకీ తియ్యవేంటి? చేతులు పడిపోయినయ్యా?"

పై ప్రాణాలు పైనే పోయాయి. చెల్లి మాత్రం తడుముకోకుండా వీరుడి గొంతెత్తింది.

"నిన్ను సంపితే నాకేమొస్తది? తుపాకి పక్కన పెట్టు, బువ్వ తిందాం రా."

ముందున్న గడ్డపు తమ్ముడి మొహం వెలిగిపోయింది. "అరె, హీరో మన లెక్కనే మాట్లాడుతుండు!"

ఆ రోజుల్లో సినిమాల్లో ఆ యాస రౌడీలకో, నవ్వించేవాళ్ళకో గానీ వీరుడికి ఇచ్చిందెక్కడ? కర్రలు గోడకి ఆనించి అందరూ కూర్చున్నారు. ఇక చూడండి, నేను రెచ్చిపోయాను! నా విలన్లు బోర్లా పడ్డప్పుడల్లా ఈలలే ఈలలు. చివరికి వీరుడు జీవితంలో మొదటిసారి శత్రువు గుండెకి గురిపెట్టిన చోట, ర్యాలీకి రమ్మని వాళ్ళకి కబురొచ్చింది. సంపుతడా అక్కా అని గుమ్మంలో ఆగి అడిగాడు గడ్డపు తమ్ముడు. వచ్చే బంద్‌కి రా, చూద్దువుగాని అన్నాను.

వచ్చే బంద్‌లోపే యజమాని ల్యాబుని అమీర్‌పేటకి మార్చేశాడు. రాష్ట్రం వచ్చింది, చెల్లి పెట్టిన మిఠాయి నేనూ తిన్నాను. ఇప్పుడు సినిమా వీరులూ ఆ యాసే మాట్లాడుతున్నారు, సంతోషమే. కానీ ఎవరి తెర వాళ్ళది, ఎవరి చెవులు వాళ్ళు మూసుకున్నారు. పగలగొట్టడానికొచ్చి పక్కన కూర్చునేవాళ్ళేరీ? ఆ తమ్ముణ్ణి చూసినా గుర్తుపట్టలేను. అయినా రద్దీలో నల్లగొండ మాట వినపడితే తిరిగి చూస్తాను, చంపలేదు తమ్ముడూ అని చెప్పాలని.