ఉద్యోగం మారడానికి కారణం

పెళ్ళయ్యాక మేమిద్దరం కలిసి ఉన్నది ఇరవై మూడు రోజులు. ఆమె ఇంగ్లండులో నర్సు. నేను కోలారు దగ్గర సుగటూరులో పట్టుపురుగులు సాకేవాణ్ణి. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెడితే నాకే నవ్వొస్తుంది, ఇక వీసా ఆఫీసులో కూర్చున్నవాళ్ళకు అనుమానం రావడంలో తప్పేముంది?

సంబంధం మా అక్క చూసింది. ఇద్దరికీ ముప్పై దాటి చాలా రోజులైంది కాబట్టి ఎవరమూ బెట్టు చేయలేదు. ఆమెది కేజీఎఫ్‌లో ఊరిగాం. అక్కడే చదువుకుని, నర్సు కోర్సు చేసి, ఆ దేశం వెళ్ళి ఏడేళ్ళు పనిచేసి, అక్కడే ఉండిపోయే హక్కు సంపాదించుకుంది. నేను అతి దూరం పోయింది ముళబాగిలు మీదుగా చిత్తూరుకు, అదీ బంధువుల పెళ్ళికి. "ఆ పిల్ల నిన్ను ఆడికి పిలిపించుకుంటాదంట, పోతావా?" అని అక్క అడిగితే ఆలోచించకుండా పోతానన్నాను. కారణం ఉంది. పెళ్ళిచూపుల్లో ఆమె, "నాకు వంటొస్తాది. ఒక్కదానికే వండుకొని తినీ తినీ చాలైపోయింది" అంది. ఆ మాట నన్ను కట్టిపడేసింది.

ఆ ఇరవై మూడు రోజుల్లోనూ ఇంట్లో పురుగులున్నాయి. పురుగుల గదిలోకి బయటివాళ్ళను రానివ్వం, అంటు తగులుతుందని. కొత్త కోడలు కాళ్ళు కడుక్కుని, మోచేతుల దాకా చేతులు రుద్దుకుని లోపలికొచ్చిన తీరు చూసి అక్క, "నీకన్నా ఈ పిల్లే మేలురా" అంది. ఆమె స్టాండు మీది పురుగుల తట్టలన్నీ వరుసగా చూసుకుంటూ వెళ్ళి, చివర నా వైపు తిరిగి, "నీ వార్డులో బెడ్లు బో ఉండాయే" అంది. అప్పటినుంచీ అది నా వార్డు.

ఒకరోజు ఆమె మల్బరీ ఆకు వేయబోతుంటే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. పురుగులు జ్వరానికి కూర్చున్నాయి. పట్టుపురుగు గూడు కట్టేలోగా నాలుగుసార్లు పొర విడుస్తుంది. ఆ విడిచే సమయాన్ని మా వైపు జ్వరం అంటాం. ఒంట్లో వేడి ఏమీ ఉండదు, పేరే అలా. ఆ రోజంతా పురుగు తినదు, కదలదు. మనమూ ఆకు వేయకూడదు, తట్ట కదపకూడదు, కాస్త సున్నం పొడి చల్లి ఊరుకోవాలి. అన్నీ లేచాకే మళ్ళీ ఆకు. తొందరపడి కదిపితే పొర సగంలో చిక్కుకుని పురుగు చస్తుంది. నాన్న నుంచి నాకు వచ్చిన చదువంతా ఇంతే, కానీ దాని మీద నాకు గర్వం జాస్తి. ఆమె చేతులు కట్టుకుని ఆ తట్ట ముందు చాలాసేపు నిలబడింది.

ఆమె వెళ్ళాక కాగితాల పని మొదలైంది. ఊరిగాంలో పాత బంగారు గనుల కంపెనీ ఇంట్లో ఒక రిటైర్డు టీచరమ్మ ఉంది. నా భార్యకు చిన్నప్పుడు ఇంగ్లీషు చెప్పిన మనిషి. తన దగ్గర చదివి విదేశాలకు పోయేవాళ్ళ అర్జీలన్నీ ఆమే సరిచూస్తుంది. మా విషయంలో గట్టి షరతు ఒకటే అంది. పిలిపించుకునే మనిషి ఒకే చోట ఆరు నెలలు వరుసగా పనిచేసినట్టు జీతం కాగితాలు చూపాలి. చోటు మారితే ఆ ఆరు నెలలు మళ్ళీ మొదటినుంచి.

నా భార్య అప్పటికే ఒకసారి మారింది, నా కోసమే. పెద్ద ఊళ్ళో ఆసుపత్రి వదిలి, ఇద్దరు ఉండడానికి ఇల్లు దొరికే చిన్న ఊరు చూసుకుని, అక్కడ ముసలివాళ్ళను చూసుకునే ఒక హోములో చేరింది. ఇల్లు బాగుంది. వంటింటి కిటికీలోంచి కనిపించే ఆపిల్ చెట్టు ఫోటో పంపింది. నేనూ తక్కువ తినలేదు. కోలారుకు పోయి మందపాటి స్వెట్టరు ఒకటి కొనుక్కొచ్చి, మండుటెండలో అద్దం ముందు తొడుక్కుని చూసుకున్నాను.

ఆమెకు మధ్యాహ్న భోజనం వేళ నాకు సాయంత్రం ఆకు వేసే వేళ. ఫోను స్టాండుకు ఆనించి పెట్టి నేను ఆకు వేస్తూ ఉంటే, ఆమె తింటూ ఉండేది. "ఇంగ?" అని మొదలుపెట్టేది. "వార్డు ఎట్లుండాది?" మొదట్లో హోము కబుర్లన్నీ చెప్పేది. తలదువ్వడానికి ఈమె తప్ప ఇంకెవరూ వద్దనే ముసలామె గురించి, ప్రతిరోజూ కొత్తగా పలకరించే ముసలాయన గురించి. మూడో నెలకు కబుర్లు తగ్గాయి. ముగ్గురు చేయాల్సిన పని ఒక్కరితో చేయిస్తున్నారని, పైనున్నామె అందరి ముందూ కసురుతుందని ముక్కలు ముక్కలుగా తెలిసింది. తినే చోటు కూడా మారింది. బట్టలు ఉతికే గదిలో ఒక మూల కూర్చుని, ఒళ్ళో డబ్బా పెట్టుకుని బ్రెడ్డు నమిలేది. ఎలా ఉన్నావంటే "బాగుండాన్లే" అనేది.

నాలుగు నెలలు నిండాక ఒక సాయంత్రం అంది: "ఇదే ఊర్లో ఆసుపత్రిలో పనిస్తామంటా ఉండారు. పోతే మళ్ళా ఆరు నెల్లు." ఆగింది. నా నోటివైపే చూస్తోంది.

నేను తట్టలు చూసుకుంటూ, పెద్ద తెలిసినవాడిలా, "జ్వరానికి కూర్చున్నప్పుడు కదిలించగూడదు గదా. ఇంగ రెండు నెల్లే, ఓర్చుకో" అన్నాను.

"సరే" అంది. ఆసుపత్రివాళ్ళకు రానని చెప్పేసింది.

ఈ రోజు ఒప్పుకుంటున్నాను. అది నాన్న నేర్పిన చదువు కాదు, నా తొందర. నాకు ఆమె కావాలి. ఆ వంటింట్లో ఆమె పక్కన నిలబడి ఉల్లిపాయలు తరగాలి. అది రెండు నెలల్లో జరిగేటట్టుంటే ఆరు నెలలు ఆగడం నా వల్ల కాలేదు. దానికి పురుగుల సామెత ఒకటి తగిలించుకున్నాను.

పది రోజుల తర్వాత అనుకుంటా, అక్క కింద కూర్చుని ఆకు తరుగుతూ ఫోనులోకి తొంగి చూసింది. మాటలయ్యాక అడిగింది.

"ఏమిరా, ఆ పిల్లకు ఒళ్ళు బాగలేదా?"

"పనెక్కువక్కా. జ్వరంలో కదిలించగూడదు, రెండు నెల్లు ఓర్చుకోమని చెప్పినా."

అక్క కత్తి కింద పెట్టి లేచింది. ఆ రోజు ఒక వరుస తట్టల్లోనే మూడో జ్వరం, మిగతావి ఇంకా తింటున్నాయి. నన్ను తట్ట దగ్గరికి పిలిచింది.

"జ్వరానికి కూర్చున్న పురుగు ఎట్లుంటాది?"

"తలెత్తుకొని ఉంటాది."

"ఆ పిల్ల తల వాల్చేసుండాది. చూళ్ళేదా?"

నిజంగానే నెల రోజులుగా ఆమె నాతో కాదు, ఒళ్ళోని డబ్బాతో మాట్లాడుతోంది.

"తల వాల్చిన దాన్ని ఏం జేస్తాం?" అక్క వదల్లేదు.

"వేరే తట్టలోకి తీసి లేతాకు వేస్తాం."

"ఇన్నేండ్లు పురుగులు సాకినావు. పెండ్లాన్ని చూసుకొనేది రాలేదే నీకు" అని మళ్ళీ ఆకు తరగడానికి కూర్చుంది. చెంప మీద కొట్టినట్టయింది నాకు. మరుసటి సాయంత్రం దాకా కాలు ఒకచోట నిలవలేదు.

ఫోను మోగగానే, ఆమె "ఇంగ" అనేలోపే అన్నాను, "ఆ పని ఇడిసిపెట్టు."

"ఏం?"

"ఇడిసిపెట్టు. ఆసుపత్రోళ్ళను మళ్ళా అడుగు. ఇంగా పిలుస్తారేమో."

"అట్లయితే నువ్వొచ్చేది?"

"ఆరు నెల్లు గాకుంటే ఏడాది గానీ. నువ్వట్లా తల వాల్చుకొని ఉంటే నేనొచ్చి ఏం జేసేది?"

ఆమె ఫోను పక్కన పెట్టేసింది. నాకు గది పైకప్పు కనిపించింది, మిషను తిరిగే చప్పుడు, దాని వెనకాల ఆమె ఏడుపు వినిపించాయి. చేతిలో ఆకు పట్టుకుని నేనూ ఏడ్చాను. తప్పు నాదన్నాను. నీది కాదులే అంది. నాదే అన్నాను. లోకంలో మొగుడూ పెళ్ళాలు దేనికేదానికో పోట్లాడుకుంటారు, మా మొదటి పోట్లాట ఇది.

ఆసుపత్రిలో ఆ చోటు అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. ఆమె మూడు వారాలు పని లేకుండా ఉంది. తర్వాత వాళ్ళే ఇంకో వార్డుకు పిలిచారు. ఆరు నెలలు మళ్ళీ ఒకటి నుంచి మొదలయ్యాయి. నేను నెలలు లెక్కపెట్టడం మానేసి పంటలు లెక్కపెట్టుకున్నాను. మొదటి పంటకు ఆమె క్యాంటీనులో కూర్చుని తినడం మొదలుపెట్టింది. రెండో పంట గూళ్ళు కట్టే రోజుల్లో, "మా వార్డులో ముప్పై మందే, నీ వార్డంత గాదులే" అని ఎగతాళి చేసింది. ఆ రోజు అక్కకు హోటలు నుంచి మసాలా దోసె తెచ్చిచ్చాను. ఎందుకో చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

కాగితాలన్నీ కట్టగట్టుకుని టీచరమ్మ దగ్గరికి వెళ్ళాను. మాది నిజమైన కాపురమేనని చూపడానికి మా ఫోను సందేశాలన్నీ అచ్చు తీయించుకు రమ్మంది. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో కాగితమే తిప్పింది. నాలుగో జ్వరం లేచాయి. ఆకు తక్కువైంది. ఈసారి గూళ్ళు బాగున్నాయి. తిన్నావా. తిన్నా. మా పెళ్ళి ఫోటోల కన్నా పురుగుల ఫోటోలే ఎక్కువ.

"ఏమప్పా, ఇవి మొగుడూ పెండ్లాల మాటలా, రేష్మె ఆఫీసుకు పంపే పట్టుపురుగుల రిపోర్టా? ప్రేమగా ఒక్క మాటన్నా లేదే!"

మాకు ఆ మాటలు రావు. అవి రాని పాపానికి కాపురమే అబద్ధమంటారేమోనని మొదటిసారి భయమేసింది.

"ఏడాదిలోపల రెండుసార్లు చోటు మారింది గదా, దానికి కారణం రాసి పంపమన్నాను. వచ్చింది" అంటూ ఇంకో కాగితం తీసింది. నా భార్య ఇంగ్లీషులో రాసిన ఉత్తరం, సగం పేజీ. టీచరమ్మ లోపల్లోపల చదువుకుంది. చదివి కళ్ళజోడు తీసేసింది. ఏం తప్పు రాసిందోనని కాగితంలోకి తొంగి చూశాను.

"చెప్తా విను" అని నాకోసం తెలుగులో చెప్పింది. "మొదటిసారి మారింది నా భర్తతో కలిసి ఉండడానికి ఇల్లు కావాలని. రెండోసారి మారింది నా భర్త మారమన్నాడని. నేను మారితే ఆయన ఇక్కడికి రావడం ఇంకా ఆలస్యమవుతుందని ఆయనకు తెలుసు. తెలిసే చెప్పాడు."

అంతే రాసింది. నేను ముందు ఓర్చుకోమన్న సంగతి ఎక్కడా రాయలేదు.

టీచరమ్మ పురుగుల కాగితాలన్నీ సర్ది, ఈ ఉత్తరాన్ని అన్నిటికన్నా పైన పెట్టింది. "ఇంగ ఫోటోలు వద్దులే అప్పా. ఇది చాలు" అంది.

వీసా వచ్చిన రోజు నా పురుగులు నాలుగో జ్వరానికి కూర్చున్నాయి. ఇకమీదట పురుగులు అక్కవే. అయినా ఈ పంట సగంలో ఎలా పోయేది, ఈ మాట ఆమెతో ఎలా చెప్పేది అని తికమకపడుతూ ఫోను చేశాను. ఆమె ఆసుపత్రి క్యాంటీనులో ఉంది. ఎదురుగా డబ్బాలో అన్నం, పప్పు.

"టికెట్ ఎప్పటికి తీసేది?" అని అడిగి, నేను నసుగుతుంటే తనే అంది, "వార్డు ఎట్లుండాది?"

"జ్వరానికి కూర్చునుండాయి."

"తలెత్తుకొనుండాయా?"

"ఎత్తుకొనే ఉండాయి."

"అట్లయితే లేచి, గూళ్ళు కట్టినాంక రా. నేను ఇంగ యాడికీ మారేది లేదులే."

చెబుతూ నవ్వింది. ఫోను దగ్గరికి తీసుకుని చూశాను. ఆమె డబ్బా వైపు చూడడం లేదు, నన్నే చూస్తోంది.