చిలకలు నమ్మని అట్ట

సంపూర్ణమ్మగారి కషాయానికి డబ్బులు చెల్లవు. పాలు, పెరుగు, దండాలు, పెద్దమనుషుల సిఫారసులు, ఏవీ చెల్లవు. చెల్లేది ఒక్కటే, ఖాళీ అయిపోయిన మాత్రల అట్ట. మందుల షాపులో పదేసి మాత్రలు వరసగా పొదిగి ఇస్తారే, ఆ వెండిరేకు అట్ట. అది తెచ్చినవాళ్ళకి పది రోజులపాటు పొద్దున్నే స్టీలు గ్లాసు నిండా వేడివేడి కషాయం. తేనివాళ్ళు అరుగు మీద కూర్చుని, పక్కవాళ్ళు తాగుతుంటే చూసి వెళ్ళిపోవచ్చు. చూడ్డానికి మాత్రం ఏ అట్టా అక్కర్లేదు.

ఇవన్నీ ఏం చేసుకుంటారండీ అని అడిగితే ఆవిడ పెరట్లోకి చెయ్యి చూపించేవారు. అక్కడో జామచెట్టు. కొమ్మకీ కొమ్మకీ నైలాను దారాలు, దారాల నిండా అట్టలు. ఎండెక్కితే పెరడంతా తళతళలాడిపోయేది. మొగల్తూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు ఆ ఇల్లు రాగానే కళ్ళు చిట్లించుకునేవారు. చిలకలు పిందెల్ని కొరికి పారేస్తున్నాయని, ఆ మెరుపు చూస్తే బెదిరి పారిపోతాయని ఆవిడ చెప్పేవారు.

చిలకలు బెదిరిన దాఖలా ఊళ్ళో ఎవరూ ఎరగరు. అవి ఆ దారాల మీదే బారుగా కూర్చుని, అట్టలకి ముక్కులు రాసుకుని, తీరుబడిగా జామకాయలు తినేవి. ఆ మాటే ఆవిడతో అంటే, ఇన్ని కట్టబట్టి ఇవే వస్తున్నాయి, కట్టకపోతే ఇంకెన్ని వచ్చేవో అనేవారు. దానికి జవాబు చెప్పగలిగిన మొనగాడు ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

పోనీ ఏదో ఒక అట్ట పడేస్తే ఊరుకుంటారా అంటే అదీ లేదు. ప్రతి అట్టనీ వెలుగులో పెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి, బంగారం కొనేవాళ్ళలా చూసేవారు. ఒకసారి ట్రాక్టరు నడిపే చిట్టియ్య కొత్తగా మెరిసిపోతున్న అట్ట తెచ్చాడు. ఆవిడ ఒక్క క్షణం చూసి తిరిగిచ్చేశారు.

"ఈ అట్టని చిలకలు నమ్మవు చిట్టియ్యా. ఇంకోటి తే."

"మీ చిలకలకి చదువొచ్చేంటండి?"

"నీకన్నా వచ్చు."

మరోసారి లోవలక్ష్మి తన బీపీ మాత్రల అట్ట దొరక్క, అత్తగారి గ్యాసు మాత్రల అట్ట పట్టుకొచ్చింది. ఆవిడ ఒప్పుకోలేదు. లోవలక్ష్మి దగ్గర్నుంచి గులాబీరంగు అట్టకే చిలకలు అలవాటుపడ్డాయని, ఇప్పుడు ఆకుపచ్చది కడితే తికమకపడతాయని చెప్పి పంపేశారు. లోవలక్ష్మి ఇంటికెళ్ళి అత్తగారితో, ఆవిడకి నట్టు కాస్త వదులైందని చెప్పింది. మర్నాడు గులాబీరంగుది వెతుక్కుని మరీ వచ్చింది.

ఎందుకొచ్చిందంటే, ఆ కషాయం అలాంటిది. ఏళ్ళ తరబడి ఏ డాక్టరు మాటా వినని బీపీ, ఆవిడ కషాయం మొదలెట్టిన రెండు నెలలకి బుద్ధిగా దిగొస్తుందని చుట్టుపక్కల మూడు ఊళ్ళలో చెప్పుకునేవారు. మాత్రలదేముందండీ, వేసుకుంటున్నాం పేరుకి, గుణమంతా కషాయంలోనే ఉంది అని అరుగు మీద అందరూ ఏకగ్రీవంగా తీర్మానించేశారు.

ఈ తీర్మానం చెవిన పడగానే ఒళ్ళు మండిన మనిషి ఒకే ఒక్కరు. ఆ ఊరి లెక్కల మేష్టారు ఎజ్రాగారి అమ్మాయి, ఆశాజ్యోతి.

ఆశాజ్యోతి రాజమండ్రిలో ఫార్మసీ కాలేజీలో పరిశోధన చేస్తోంది. పల్లెటూళ్ళలో బీపీ, షుగరు ఉన్నవాళ్ళు నాటుమందులు వాడుతూ డాక్టరిచ్చిన మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా, మానేస్తున్నారా అన్నది ఆ పిల్ల విషయం. కషాయాల మీద పరిశోధనే గాని ప్రేమ లేదు. దానికి కారణం వాళ్ళ నాన్నే.

రెండేళ్ళ కిందట ఎజ్రా మేష్టారు ఎవరో చెప్పిన ఆకుపసరు పట్టుకుని బీపీ మాత్రలు మానేశారు. ఒక ఆదివారం లూథరన్ చర్చిలో వాక్యం చదువుతుండగా మూతి పక్కకి లాగేసింది, కుడిచెయ్యి జారిపోయింది. దేవుడి దయవల్ల వేళకి ఆస్పత్రికి చేర్చారు, చెయ్యి మళ్ళీ స్వాధీనంలోకొచ్చింది. ఇంకోసారి మాత్రలు మానేస్తే మాత్రం నేను హామీ ఇవ్వలేనని డాక్టరు కూతురి మొహం మీదే చెప్పాడు. ఆనాటి నుంచి ఆశాజ్యోతి రోజూ ఎనిమిదింటికి ఫోన్ చేసి, మాత్ర వేసుకున్నారా నాన్నా అని అడిగేది. వేసుకున్నానమ్మా అని ఆయన జవాబు. హోమ్‌వర్కు చేశామని పిల్లలు ఆయనకి ముప్పయ్యేళ్ళపాటు ఏ గొంతుతో చెప్పారో, సరిగ్గా ఆ గొంతుతోనే చెప్పేవారు. అందుకే ఆ పిల్లకి నమ్మకం కుదిరేది కాదు.

నలభై ప్రశ్నల కాగితాలు పట్టుకుని ఆశాజ్యోతి మూడు ఊళ్ళూ తిరిగింది. నాటుమందు వాడతారా అని అడిగితే, చేతిలో కషాయం గ్లాసు పెట్టుకునే, అబ్బే లేదండి అన్నవాళ్ళున్నారు. అలా ఎలాగో లెక్క తేలాక చూస్తే విడ్డూరం. మిగతా ఊళ్ళలో పదిమందిలో నలుగురైదుగురికి కూడా బీపీ అదుపులో లేదు. సంపూర్ణమ్మగారి అరుగెక్కే వాళ్ళలో మాత్రం పదికి తొమ్మిదిమంది బీపీ గీత దాటకుండా ఉంది. గైడు రాజేంద్రగారు ఆ కాగితాలు చూసి, ఈ అరుగువాళ్ళవి మాత్రం ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని నింపావా అమ్మా అని అడిగారు. కాదని ఒట్టేసింది. అయితే ఆ కషాయంలో ఎవరో ఇంగ్లీషు మందు నూరి కలుపుతున్నారు, పట్టుకురా అన్నారాయన.

సీసాడు కషాయం రాజమండ్రి వెళ్ళింది. లక్షలు పోసి కొన్న మిషన్లు మూడు వారాలు దాన్ని పరీక్షించి తేల్చిందేంటంటే, ధనియాలు, జీలకర్ర, శొంఠి, నీళ్ళు. సీసా అడుగున మిగిలినదాన్ని ఆశాజ్యోతి వాళ్ళమ్మ రెబెక్కమ్మగారు మూత తీసి ఒక్కసారి వాసన చూసి అదే చెప్పారు. చెడుపు లేదు, అలాగని బీపీ దించే శక్తీ లేదు. మరి ఎలా దిగుతోందన్నది ఎవరికీ అర్థం కాలేదు.

ఆ వారం ఇంటికొచ్చిన ఆశాజ్యోతి, శనివారం పొద్దున్నే సంపూర్ణమ్మగారి వీధిలోకి నడిచేసరికి అరుగు మీద చివర్న వాళ్ళ నాన్న కూర్చుని ఉన్నారు. చేతిలో గ్లాసు. కూతుర్ని చూడగానే గ్లాసుని వీపు వెనక్కి దాచారు. కషాయం ఒలికి పంచె తడిసింది.

ఆశాజ్యోతి గిర్రున వెనక్కి తిరిగి ఇంటికొచ్చేసింది. వస్తూనే ఆయన బల్ల సొరుగు లాగింది. అందులో ఆయన బళ్ళో వాడిన పాత కంపాస్ బాక్సు గలగలమంది. మూత తీస్తే గులాబీరంగు మాత్రలు. నాన్న బీపీ మాత్రలే. లెక్కపెడితే ఇరవై.

ఆ పిల్లకి సంగతి అర్థమైపోయింది. అట్ట కావాలి గనక మాత్రలన్నీ ఊడదీసి ఇందులో పోసి, ఖాళీ అట్ట తీసుకెళ్ళి కషాయం తాగుతున్నారు. చిలకల కోసం. ధనియాల నీళ్ళ కోసం. మళ్ళీ ఆ ఆదివారం కళ్ళముందు కదిలింది. ఏడుపూ కోపమూ కలిసి ముంచుకొచ్చాయి. కంపాస్ బాక్సు పట్టుకుని, బీపీ మిషను ఉన్న సంచీ భుజానే ఉందన్న సంగతి కూడా మర్చిపోయి, వచ్చిన దారినే పరిగెత్తింది.

పెరట్లో సంపూర్ణమ్మగారు గిన్నెలు తోముకుంటున్నారు. ఆశాజ్యోతి బాక్సు తెరిచి ఆవిడ ముందు పెట్టింది.

"మీ చిలకల పిచ్చికి మా నాన్న ప్రాణం మీదకొచ్చింది మామ్మగారు. చూడండి. మాత్రలు మింగకుండా ఇందులో దాచి, అట్టలు మీకు తెచ్చిస్తున్నారు."

ఆవిడ మాత్రల్ని చూశారు. చెయ్యి కొంగుకి తుడుచుకున్నారు. మొహంలో కంగారు లేదు సరికదా, చాన్నాళ్ళుగా వెతుకుతున్న వస్తువు దొరికినట్టు ఒక నవ్వు కూడా వచ్చింది.

"ఇరవయ్యేనా?" అన్నారు.

"మీకెలా తెలుసండి?"

ఆవిడ వంటింట్లోకెళ్ళి, క్యాలెండరు వెనక నుంచి రెండు అట్టలు తీసుకొచ్చారు. రెండూ తుక్కుతుక్కుగా నలిగి ఉన్నాయి.

"నాలుగు నెలల కిందట మీ నాన్నగారు మొదటిసారి తెచ్చినవి ఇవేనమ్మా. లెక్కల మేష్టారు కదా, ఇరవై రోజులకి సరిపడా రెండూ ఒకేసారి తెచ్చేశారు. తళతళలాడిపోతున్నాయి. వీటిని చిలకలు నమ్మవండీ మేష్టారూ అన్నాను. మర్నాడు ఇవే అట్టల్ని కుర్చీ కోడు కింద పెట్టి నలిపి తెచ్చారు. ఇవి నా దగ్గరే ఉంచేసుకుని, ఇంకోటి తెమ్మన్నాను."

"నలిపితే ఎలా తెలిసిందండి?"

"రోజుకొకటి తీసుకునే అట్ట జేబులోనో బొడ్లోనో తిరుగుతుందమ్మా. ఒక మూల మెత్తబడుతుంది. మొదట్లో తీసిన చిల్లుల్లో మురికి చేరుతుంది, చివరిది తెల్లగా ఉంటుంది. కుర్చీ కింద పెడితే అంతా ఒకలాగే నలుగుతుంది. ఇది కనిపెట్టడానికి చిలకలక్కర్లేదు, నేను చాలు."

ఆవిడ ఆశాజ్యోతి చెయ్యి పట్టుకుని జామచెట్టు కిందకి తీసుకెళ్ళారు. దగ్గరికెళ్ళి చూస్తే, దూరం నుంచి గందరగోళంగా కనిపించే ఆ దారాలు మనిషికొకటి. ఇది లోవలక్ష్మిది, ఇది చిట్టియ్యది, మొన్న ఒక అట్ట ఆలస్యమైతే ఇంటికెళ్ళి చిలకలు అడుగుతున్నాయని చెప్పొచ్చాను అంటూ చూపించారు. దక్షిణం కొమ్మకి కట్టినది ఎజ్రా మేష్టారి దారం. దానికి పన్నెండు అట్టలు. పన్నెండూ ఒక మూల మెత్తబడినవే, పాత చిల్లులు నల్లగా, ఆఖరివి తెల్లగా. ఆశాజ్యోతి మూడుసార్లు లెక్కపెట్టింది. నూట ఇరవై మాత్రలు, నాలుగు నెలలు. ఒక్క రోజు కూడా తప్పలేదు.

తను నలభై ప్రశ్నలడిగి, మూడు ఊళ్ళు తిరిగి, ఆర్నెల్లుగా రాబట్టలేని సమాచారమంతా ఆ చెట్టుకి వేలాడుతోంది.

"ఇదంతా వాళ్ళకే చెప్పొచ్చు కదండీ మామ్మగారు. మాత్రలు వేసుకుంటేనే కషాయం అని."

"మాత్ర వేసుకోమని మీ డాక్టర్లు చెప్పట్లేదా? ఎవడు విన్నాడమ్మా? కషాయమంటే కోడి కూయకముందే వచ్చి కూర్చుంటారు. మా ఆయనకీ చెప్పాను. చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. వేసుకున్నానే అనేవాడు, వేసుకున్నాడనుకునేదాన్ని. పోయాక ఈ చెట్టు మొదలు తవ్వితే దొరికాయి, గుప్పెడు మాత్రలు. రోజూ కిటికీలోంచి విసిరేవాడు." ఆవిడ చెట్టు మొదలుని చేత్తో తట్టారు. "దీనికి మాత్రం ఇప్పటిదాకా బీపీ రాలేదు."

అంటూనే ఆవిడే ముందు నవ్వేశారు. నవ్వొచ్చా కూడదా అని ఆశాజ్యోతి ఒక్క క్షణం తటపటాయించి, తనూ నవ్వేసింది.

ఇంతలో మేష్టారు పెరటి గుమ్మంలోకి వచ్చి, తడిసిన పంచెతో, తప్పుచేసిన పిల్లాడిలా నిలబడ్డారు. కూతురు ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, మిషను చేతికి కట్టింది. నూట ఇరవయ్యెనిమిది, ఎనభై. ఆ పిల్లకి ప్రాణం లేచొచ్చింది. ఒకటికి రెండుసార్లు చూసింది, అంతే. అప్పుడు తిట్టడానికి కూడా ఓపిక వచ్చింది.

"ఆ ఇరవయ్యీ ఎందుకు దాచారు నాన్నా?"

"పారేద్దామంటే మనసొప్పలేదమ్మా. మళ్ళీ అట్టలో పెడదామని చూశాను. బంకతో అతికించినా నిలవలేదు."

"చేసిన పని చెప్పొచ్చు కదా."

"ముప్పయ్యేళ్ళు పిల్లల కాపీలు పట్టుకున్నవాణ్ణి. నేనే దొరికిపోయానని ఎలా చెప్పను?" అన్నారాయన నేల చూపులు చూస్తూ. తర్వాత గొంతు తగ్గించి, రహస్యం చెబుతున్నట్టు, "కానీ చిలకలకి ఎలా తెలిసిందో నాకిప్పటికీ అర్థం కాలేదే" అన్నారు.

ఆశాజ్యోతి సంపూర్ణమ్మగారి వైపు చూసింది. ఆవిడ గిన్నెల వైపు చూశారు.

"తెలివైన చిలకలు నాన్నా" అంది.

వెళ్ళేముందు ఆవిడ ఆశాజ్యోతిని పక్కకి పిలిచి, నీ పుస్తకంలో ఏవైనా రాసుకో గాని, ఊళ్ళోవాళ్ళకి మాత్రం తెలియనివ్వకమ్మా అని అడిగారు. ఇంగ్లీషులో రాస్తానండీ, చిలకలకి కూడా అర్థం కాదు అని మాటిచ్చింది. కంపాస్ బాక్సులో మాత్రలు ఆస్పత్రిలో ఇచ్చేస్తానంటే, ఆవిడ సరేనని, చెట్టు మొదట్లో మాత్రం పొయ్యకు, దానికిప్పటికే ఎక్కువైంది అన్నారు.

రాజమండ్రిలో రాజేంద్రగారు ఫలితాలు విని, అంతమంది మాత్రలు మానకుండా ఉండటానికి అసలు కారణం ఏమని రాస్తావమ్మా అని అడిగారు. ఒక పెద్దావిడ అని ఆశాజ్యోతి చెప్పింది. అదొక్కటే సరిపోదన్నారాయన. పేజీలు నలభై పెంచమన్నారు.

తర్వాతి నెల ఇంటికొచ్చినప్పుడు ఆశాజ్యోతి నాన్నతో కలిసి తనే అరుగు దగ్గరికి నడిచింది. మేష్టారు జేబులోంచి ఒక మూల మెత్తబడిన అట్ట తీసి ఇస్తే, సంపూర్ణమ్మగారు వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, బావుందండీ, దీన్ని చూస్తే గద్ద కూడా భయపడుతుంది అన్నారు. మేష్టారి ఛాతీ పొంగింది.

సరిగ్గా అప్పుడే చిలక ఒకటి వచ్చి, దక్షిణం కొమ్మకున్న ఆయన దారం మీదే వాలి, అట్టకి ముక్కు గీకి, జామకాయ కొరకడం మొదలెట్టింది. అరుగు మీద ఎవరూ ఇంకా అటు తిరగలేదు. రాజమండ్రిలో పరిశోధన చేస్తున్న ఆశాజ్యోతి గబగబా పెరట్లోకి వెళ్ళి, రెండు చేతులూ ఎత్తి, ఉష్ ఉష్ అంటూ దాన్ని తోలేసి వచ్చింది.

"చూశారా, ఎలా బెదిరి పారిపోయిందో" అంది అరుగు మీదవాళ్ళతో.