జీడితోటలో మెరక

మేము కొన్న స్థలం చూసి మావయ్యగారు అడిగిన మొదటి మాట, "మెరక ఎప్పుడు తోలిస్తున్నారు?" అని.

మాది పాలకొల్లు వైపు. అక్కడ ఎవరు ఇల్లు కట్టినా ముందు మట్టి పోయించి స్థలాన్ని రోడ్డు కంటే ఎత్తు చేస్తారు. లేకపోతే వానాకాలంలో వీధిలో నీళ్లన్నీ ఇంట్లోకే. మెరక తోలించాలా వద్దా అని అక్కడ ఎవరూ ఆలోచించరు. కానీ మేము కొన్నది రాజమండ్రి దాటాక మెట్ట మీద, ఒక పాత జీడిమామిడి తోటలో. రోడ్డు దగ్గర మొదలై, వెనక్కి వెళ్లేకొద్దీ కిందకి జారిపోతూ ఉంటుంది. మా ఆయనకి ఆ చెట్లు నచ్చాయి. నాకూ నచ్చాయనే అనుకున్నాను. అప్పటికి పాపకి నడక రాలేదు.

ఆర్కిటెక్ట్ మా కంటే కాస్త పెద్దావిడ. ఒక్క చెట్టూ కొట్టకుండా గీశారు. రోడ్డు వైపు హాలు, వంటిల్లు. కొన్ని మెట్లు దిగితే పడకగదులు. ఇంకొన్ని దిగితే చెట్ల మధ్యకి తెరుచుకునే వరండా.

"నేల ఎలా దిగుతుందో ఇల్లూ అలాగే దిగుతుందండి," అన్నారు.

విన్నప్పుడు బాగుంది. ఇంటికొచ్చి ఆ కాగితం చూస్తే మెట్లు తప్ప నాకింకేమీ కనబడలేదు. పాప అప్పుడే పరుగులు మొదలుపెట్టింది. గీత గీతకీ అది పడిపోతున్నట్టే అనిపించేది. డిగ్రీ చదివినదాన్నే, అయినా ఏ గది పైనో ఏ గది కిందో ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా బుర్రలో నిలిచేది కాదు. ప్రతి మెట్ల వరసకీ పైన ఒక గేటు పెట్టమన్నాను. పెట్టారు. కిందా పెట్టమన్నాను.

"పెడతానండి. కానీ వంటింట్లోంచి పడకగదికి వెళ్లాలంటే మీకు టోల్ గేట్లు దాటినట్టుంటుంది," అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ వారమే మావయ్యగారు ఫోన్ చేశారు. "ఏంటమ్మా, పడుకోవడానికి కిందకి దిగుతారంట? బావిలోకా?"

"మెట్లంటే నాకూ భయంగానే ఉందండి మావయ్యగారూ."

ఆయనకి ఆ మాట చాలు. మాకు చెప్పకుండానే టిప్పర్లు మాట్లాడి, వెనక పల్లమంతా ఎర్రమట్టి తోలించేశారు. మేము వెళ్లేసరికి స్థలం బల్లపరుపుగా ఉంది. జీడిచెట్ల మొదళ్లు మట్టిలో మునిగిపోయి, కొమ్మలు నేలలోంచే వచ్చినట్టున్నాయి. మా ఆయన మొహం మాడిపోయింది. పాప మాత్రం ఈ చివర నుంచి ఆ చివరికి పరుగెత్తింది. ఎక్కడా పడలేదు. నా గుండె తేలికపడింది. ఆ చెట్లను చూస్తూ కూడా తేలికపడిందే అని నాకే ఏదోలా అనిపించింది.

ఆర్కిటెక్ట్ వచ్చి చూసి తల పట్టుకున్నారు. "ఇది పోసిన మట్టండి. అడుగున నేల వాలుగానే ఉంది. కింద పట్టుకోవడానికి గోడేదీ లేదు, జారుతుంది."

"నేను పోయించిన మెరక మీద మా ఊళ్లో ఎన్ని ఇళ్లు లేచాయో వచ్చి చూడండి. ఒక్క గోడ బీటిచ్చిందేమో చెప్పండి," అన్నారు మావయ్యగారు.

ఆవిడ మాట్లాడితే ఆవిడదే నిజమనిపించేది. ఆయన మాట్లాడితే ఆయనదే. మా ఆయన్ని అడిగితే, "ఇంట్లో ఎక్కువసేపు ఉండేది నువ్వూ పాపా. నువ్వే చెప్పు," అన్నారు. అంతకంటే కష్టమైన మాట ఆయన నాతో ఎప్పుడూ అనలేదు.

నేను ఏమీ చెప్పకముందే పెద్ద వాన పడింది. వెలిశాక మావయ్యగారు, నేను, పాప వెళ్లాం. పాప ఎప్పటిలాగే ముందు పరుగెత్తింది. సగం దూరంలో నేల పొడుగ్గా బీటలు వారింది. బీట అవతల మట్టి కుంగి, చివరన ఉన్నది పక్కవాళ్ల తోటలోకి జారిపోయింది. నేను అరిచేలోపే పాప కాలు మోకాలి దాకా దిగిపోయింది. చెయ్యి పట్టి లాగాను. చెప్పు లోపలే ఉండిపోయింది. దానికేమీ కాలేదు, ఇంకోసారి అని నవ్వింది. మావయ్యగారు బీట పక్కన గొంతుకూర్చుని, చెప్పు కోసం లోపల చెయ్యి పెట్టి వెతికారు.

అక్కడి నుంచే ఆర్కిటెక్ట్‌కి ఫోన్ చేశాను. "మట్టి తీయించేద్దామండి. మీరు మొదట గీసిందే కట్టండి."

"గేట్లతోనా అండీ, లేకుండానా?"

"ఉంచండి. కాదు... ఆలోచించి చెప్తాను."

మావయ్యగారు పాపని ఎత్తుకుని, దాని కాలికంటిన మట్టి కండువాతో తుడుస్తున్నారు. "మరి ఇదెక్కడ ఆడుకుంటుందమ్మా?" అన్నారు. దెప్పడానికి కాదు, నిజంగానే అడిగారు.

"తెలీదండి."

"తెలీకుండానే కట్టేస్తారేంటి?"

"కట్టాక తెలుస్తుందేమోనండి," అన్నాను. ఆ మాట నమ్మి అన్నానో, ఏదో ఒకటి చెప్పాలని అన్నానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. రేపు మట్టి తీయడానికి పొక్లెయిన్ వస్తుంది.