మధ్యలో ఇసుక బకెట్టు

ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చుంటే, వాళ్ళలో అంటుకునే రకం ఎవరో, అంటించే రకం ఎవరో తేల్చుకుంటే తప్ప మా సోములు మావకి ముద్ద దిగదు. ఆయనకున్న జబ్బల్లా ఇదొక్కటే. దీని మూలంగానే నన్నూ మా యమునప్పనీ ఏళ్ళ తరబడి ఒక్క భోజనాల బంతిలోనూ పక్కపక్కన కూర్చోనివ్వలేదు. అప్ప అంటే మా వైపు అక్క. మావ మా అమ్మకి తమ్ముడు.

ఆయన చేసే పని అలాంటిది లెండి. సముద్రం గాలి తగిలేంత దూరంలో ఒక మందుల ఫ్యాక్టరీ ఉంది. అందులో నిప్పురవ్వ పడితే భగ్గుమనే సరుకంతా దాచే గోదాముకి మావే కాపలా. ఒకసారి క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళాను. ఫోను గేటు దగ్గర పెట్టెలో వేయించాడు. ఒంట్లో ఉన్న కరెంటు భూమిలోకి పోవాలని గుమ్మం పక్కనున్న రాగి పలక ముట్టుకోమన్నాడు. కొంగు పట్టుకుని చూసి, నైలాను కాదు కదా అని అడిగాడు. ఇంత చేయించీ గడప మాత్రం దాటనివ్వలేదు.

గుమ్మంలోంచే చూశాను. లోపల చల్లటి నీడ, ఏదో తీపి వాసన. నీలం డ్రమ్ములు వరసగా మధ్యాహ్నం కునుకు తీస్తున్నట్టున్నాయి. మావ ఒక డ్రమ్ము మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

"ఏటి సేస్తన్నావు మావా?"

"జొరం సూస్తన్నాను."

ఇంతలో ఒక డ్రమ్ము డంగుమంది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"బయపడకే సైలూ. ఎండకి ఒళ్ళిరుసుకుంటంది," అన్నాడు కళ్ళు తెరవకుండానే.

గోడకి అవతల, నిప్పార్పే ఎర్ర ఇసుక బకెట్లు దాటాక, తలుపు తీసున్న ఇంకో గదిలో తెల్ల డబ్బాలు ఒంటరిగా ఉన్నాయి. పెరాక్సైడట. పాపం వాటినెందుకు వెలి వేశావని అడిగాను.

"ఎలి ఏటే గుంటా. ఈ డ్రమ్ముల్లో టోలీనూ మంచి సరుకే, ఆ పెరాక్సైడూ మంచి సరుకే. రెండూ ఒక్కసోట కూకుంటేనే కొంప అంటుకుంటాది."

ఆ మాట అని నన్ను మరిచిపోయాడు. నేల వారగా ఉన్న కిటికీల్లోంచి ఎండ లోపలికి పాకుతుంటే దాన్నే చూస్తూ ఉండిపోయాడు. నాకూ కదలబుద్ధి కాలేదు. ఆ గుమ్మంలో ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. కూర చల్లారిపోయింది.

ఆ నేల వార కిటికీల కథ మా జగ్గమ్మత్త చెప్పాలి. అత్త అంటే మావ భార్య. ఆ సరుకు తాలూకు ఆవిరి గాలి కన్నా బరువట, కిందికి దిగుతుందట. అందుకని గోదాముకి కిందనే కిటికీలు ఉంటాయి. మావ ఆమదాలవలసలో ఇల్లు కట్టుకున్నప్పుడు అక్కడా చీలమండల ఎత్తునే కిటికీలు పెట్టించాడు. గాలి బాగానే వస్తుంది. దాంతోపాటు వీధిలోని పిల్లులన్నీ వస్తాయి.

"పెళ్ళి నాడు ఈ మనిసి నా సెయ్యి అట్టుకున్నాడా," అంటుంది అత్త, "నాను సిగ్గుతో సచ్చిపోతన్నాను. ఏడిగా ఉన్నాది, నీడలో కూకో అన్నాడు."

"కూకున్నావా లేదా?" అంటాడు మావ.

"కూకున్నాను. నీడ బాగానే ఉన్నాది," అని ఒప్పుకుంటుంది అత్త.

మా బంధువుల్లో ఎవరింట్లో పెళ్ళి జరిగినా బంతి సర్దే పని మావదే. ఆకులు వేశాక ఆయన వరస వెంట మెల్లగా, నిద్రలో నడిచే మనిషిలా వస్తాడు. ఒక్కొక్కరి నెత్తిన చెయ్యి పెడతాడు. కొత్తవాళ్ళు దీవిస్తున్నాడనుకుని దండం పెడతారు. ఆయన మాత్రం జొరం చూస్తుంటాడు. ఆ తరవాత ఒకర్ని లేపి అటు, ఇంకొకర్ని లేపి ఇటు కూర్చోబెడతాడు.

మా వీధి దేవేంద్ర, ఉమాశంకర్ ఇద్దరూ సర్పంచి ఎన్నికల్లో ఒకరి మీద ఒకరు నిలబడి, ఇద్దరూ ఓడిపోయిన ఘనులు. మావ వాళ్ళని బంతికి చెరో చివర పడేశాడు. దేవేంద్ర ఊరుకోలేదు.

"సోములన్నా, నన్ను పట్టుకుని పెరాక్సైడన్నావట?"

"అన్నాను. గొప్ప సరుకు. సల్లటి సోటే ఉంచాల."

దేవేంద్ర తెగ సంబరపడిపోయి ఫ్యాను కింద కూర్చున్నాడు. ఇప్పటికీ అది బిరుదనే అనుకుంటున్నాడు.

ఇక మా అక్కచెల్లెళ్ళ సంగతి. మా అమ్మకి ఒక పొందూరు చీర ఉండేది. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయింది. అమ్మ పోయాక అప్ప దాన్ని చింపి, తన మనవరాలికి పొత్తిగుడ్డలు చేసింది. పురిటిబిడ్డని మెత్తటి పాత నూలుగుడ్డలోనే చుడతాం, నిజమే. అయినా నన్ను ఒక్క మాట అడగొద్దా?

"అమ్మని సింపేసినావు," అన్నాను.

"బీరువాలో పెట్టి పూజ సెయ్యమంటావేటి? అమ్మ ఉంటే తనే సింపేది," అంది అప్ప.

అంతే. అప్పట్నుంచి మాటల్లేవు. మాట్లాడాలని నాకు లేక కాదు. ముందు అప్పే మాట్లాడాలని నా పంతం. అదీ అలాగే అనుకుందని తరవాత తెలిసింది.

అప్పట్నుంచి ప్రతి పెళ్ళిలోనూ మావ మా ఇద్దరి మధ్యా, పెద్దమ్మ వరసయ్యే లక్ష్మణమ్మ దొడ్డని కూర్చోబెట్టేవాడు. దొడ్డకి చెవుడు. తిండి మీద తప్ప దేని మీదా ధ్యాస ఉండదు. నేను అటు చూసి ఒక చురక వేసినా, అప్ప ఇటు చూసి ఒకటి వేసినా, అన్నీ దొడ్డలో ఇంకిపోయేవి. చుట్టాలందరూ ఆవిణ్ణి ఇసుక బకెట్టనే పిలిచేవారు. గట్టిగా అరిస్తే ఆవిడ పలికేది కూడా.

నిరుడు మావ కూతురు అనూరాధ పెళ్ళి శ్రీముఖలింగంలో చేశారు. వంశధార గట్టు మీద షామియానా. నది మీంచి గాలి వచ్చినప్పుడల్లా గుడ్డంతా ఉబ్బి, మెల్లగా దిగేది. సన్నాయి ఎక్కడో నీళ్ళ అవతల మోగుతున్నట్టుంది. పొద్దున్న నేను ఆటో దిగగానే మావ వచ్చి నెత్తిన చెయ్యి పెట్టాడు.

"అప్ప ఒచ్చినాదా మావా?" నా నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చేసింది.

"ఊఁ," అని ఆయన గాల్లో తేలుతున్నట్టు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం బంతిలో కూర్చున్నాను. పక్క కుర్చీలో దొడ్డ లేదు. ఆవిడ ఆ చివర పరమాన్నం గిన్నెకి దగ్గర్లో ఆనందంగా ఉంది. నా పక్కన కూర్చున్నది యమునప్ప.

"మావా, ఇసకబకెట్టు ఏదీ?" అన్నాను.

"దాంతో పనిలేదు. పొద్దున్న నీ నెత్తిన సెయ్యేసినాను, అప్ప ఒచ్చినాదా అన్నావు. దాని నెత్తిన ఏసినాను, సైలు టిపిను తిన్నాదా అంది. ఇన్నాళ్ళూ సెయ్యేస్తే ఒకర్తి మీద ఒకర్తి నేరాలే సెప్పీవోరు. సల్లారిపోనారు మీరు."

"మరి ఇన్నేళ్ళు మమ్మల్ని ఇడదీసినావు కదా?"

మావ మొదటిసారి కళ్ళు పూర్తిగా తెరిచి నా వైపు చూశాడు.

"ఇడదీసినానేటి? అన్ని పెళ్ళిళ్ళకీ ఇద్దరూ ఒచ్చినారు. ఒక్క బంతిలోనే తిన్నారు. పక్కన కూకోబెట్టుంటే, అదుంటే నాను రానని ఒకర్తి మానీదా కాదా? గోదామంటే ఇడదీయడం కాదే పిచ్చిదానా. రెండిటినీ ఒక్క కప్పు కింద ఉంచడం."

అప్ప నా వైపు చూడకుండా తన ఆకులోని పనసపొట్టు కూర తీసి నా ఆకులో వేసింది. అది నాకు ప్రాణం.

"నీకో?" అన్నాను.

"నువ్వు తిను ముందు," అంది.

ఇంతలో దాని మనవరాలు ఎక్కణ్ణుంచో పరిగెత్తుకొచ్చి మా కుర్చీల మధ్య ఇరుక్కుంది. అమ్మ చీరలో పడుకున్న పిల్ల. ఇన్నేళ్ళూ దాన్ని నేను ఒక్కసారీ ఎత్తుకోలేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే ఆ కూర నాకన్నా ముందు అదే తినేసింది. అప్పా నేనూ ఒకేసారి నవ్వాం.

మావ పిల్ల నెత్తిన కూడా చెయ్యి పెట్టి, "సల్లగా ఉన్నాది," అని తల ఊపి, గాలికి లేస్తున్న షామియానాని చూస్తూ ముందుకి వెళ్ళిపోయాడు.

చెయ్యి కడుక్కోవడానికి లేస్తుంటే కాలికి ఏదో తగిలింది. వంగి చూశాను. మా బల్ల కింద, ఎర్ర రంగు వేసిన నిజం బకెట్టు, నిండా వంశధార ఇసుక.

"మావా, ఇదేటి?"

ఆయన వెనక్కి తిరగకుండానే చెప్పాడు. "ఎందుకైనా మంచిదని."