మెల్లగా, బండి వింటోంది!

సార్పాంగ్ మేస్త్రికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. కారు ఎదుట కారు గురించి ఒక్క చెడ్డ మాట అననివ్వడు.

"పాతది" అనకూడదు. "తుప్పు" అనకూడదు. ధర మాట అసలే ఎత్తకూడదు. ఎత్తారా, మేస్త్రి చూపుడు వేలు పెదవుల మీదికి పోతుంది. "మెల్లగా! బండి వింటోంది," అంటాడు, పీనుగ ఉన్న ఇంట్లో పెద్దమనిషి మాట్లాడినంత గంభీరంగా. ఆ పైన ఆ మనిషిని చెయ్యి పట్టుకుని షెడ్డు పక్కనున్న పాత టైర్ల గుట్ట వెనక్కి తీసుకుపోతాడు. బేరసారాలన్నీ అక్కడే. కార్లు బాగుచేసే మిగతా సువామే యార్డంతా వెయ్యి సుత్తుల మోతలో గొంతు చించుకుని బేరమాడుతుంటే, కుమాసీ నగరం మొత్తం మీద గుసగుసలతో కార్లకు రంగులు వేసేవాడు ఆయన ఒక్కడే.

"కారుకి చెవులెక్కడున్నాయి మేస్త్రీ?" అని పక్క షెడ్డు వెల్డరు అట్టా ఒకసారి నిలదీశాడు. మేస్త్రి తొణకలేదు. పక్క అద్దాలు రెండూ చూపించాడు.

అది మాటవరసకి చెప్పింది కాదని తర్వాత తెలిసింది. ఒక పాస్టరుగారు చర్చి వ్యాను తీసుకొచ్చి, అందరి ముందూ దాని పొట్టమీద ఒక్క తన్ను తన్ని, "ఈ డొక్కు శకటానికి రంగు వెయ్యడానికి ఎంత తీసుకుంటావు?" అన్నాడు. మేస్త్రి పరిగెత్తుకెళ్ళి రెండు అద్దాలూ టపటపా మడిచేశాడు. "పాస్టరుగారూ, మీ సంఘంలో ముసలమ్మలతో కూడా ఇలాగే మాట్లాడతారా?" అన్నాడు. పాస్టరుగారు తలవంచుకుని టైర్ల వెనక్కి వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పటికి ఆయన ముఖం ఉతికి ఆరేసినంత తేటగా ఉంది. వెళ్ళేముందు వ్యానుకి క్షమాపణ కూడా చెప్పుకున్నాడు.

కారు ముందు మాట్లాడక తప్పనప్పుడు మేస్త్రికి వేరే నిఘంటువు ఉంది. తుప్పు పడితే "కొంచెం ఎండదెబ్బ తగిలింది" అనాలి. చిల్లు పడితే "గాలాడుతోంది" అనాలి. తలుపుకి సొట్ట పడితే "నవ్వితే పడే గుంట" అనాలి. ఒక టాక్సీకి నాలుగు వైపులా సొట్టలే. దాని చుట్టూ తిరిగి చూసి, "అబ్బ, ఎంత నవ్వుముఖం!" అన్నాడు మేస్త్రి. తను మాత్రం నవ్వలేదు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు యార్డులో లేరు.

వీధి మూలమీద వాచే అనే అలసందల అన్నం అమ్మేది మేస్త్రి భార్య, పేరు ఏసీ. ఆవిడ బాధ ఇంకో రకం. "పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. నా చెవిలో ఒక్కటంటే ఒక్క గుసగుస చెప్పలేదమ్మా. ఉన్నవన్నీ ఆ టైర్ల వెనకే ఖర్చయిపోతాయి," అని కొనేవాళ్ళందరికీ గరిటె తిప్పుతూ చెప్పేది.

అలాంటి మేస్త్రి దగ్గరికి ఒక సోమవారం పొద్దున న్యార్కో మేడమ్ వచ్చింది.

మేడమ్ ముప్పై నాలుగేళ్ళు సైన్సు చెప్పి, ప్రధానోపాధ్యాయురాలిగా రిటైరయిన మనిషి. యార్డులో సగం వీపులకి ఆవిడ బెత్తం తెలుసు. ఆవిడ నీలం ప్యూజో మలుపు తిరగగానే సుత్తులు ఆగిపోయాయి. అట్టా వెల్డింగు కళ్ళద్దాలు తీసేసి చేతులు కట్టుకున్నాడు. "గుడ్ మార్నింగ్ మేడమ్!" అని నలభై ఏళ్ళ గడ్డాలవాళ్ళందరూ ఒక్క గొంతుతో అన్నారు.

ఆ ప్యూజోని నీలం అనడం కూడా పాత అలవాటు కొద్దీ అనడమే. బానెట్టు మీద రంగు సుద్దలా పాలిపోయింది. టాపు మీద ఉల్లిపొరలా లేచిపోతోంది. అయినా మేడమ్‌కి అది తప్పుగా ఎప్పుడూ కనపడలేదు, పోయిన వారం కుటుంబ సభ జరిగేదాకా.

ఆవిడ అన్నగారు పోయాడు. శనివారం మాంపాంగ్‌లో అంత్యక్రియలు. శవపేటిక ఉన్న బండి వెనక మొదటి కారు ఇంటి ఆడపడుచుది కావాలి. ఈ ప్యూజోలోనే ఆవిడకి డ్రైవింగు నేర్పింది ఆ అన్నే. సభలో కుటుంబ పెద్ద, మేనమామ బోనా, ఊతకర్ర మీద గడ్డం ఆనించి అందరూ వినేలా అన్నాడు: "నీ కారు మాత్రం చర్చి వెనకాల పెట్టుకో అమ్మాయ్. అది ముందు నడిస్తే, మనవాణ్ణి సాగనంపడానికి కూడా మనకి గతిలేదనుకుంటారు." ఆ మాట ఆవిడకి అన్న చావుకన్నా ఎక్కువ గుచ్చుకుంది. అలా గుచ్చుకున్నందుకు సిగ్గు కూడా వేసింది.

అంత్యక్రియలకి తన వంతు ఇచ్చేశాక పింఛనులో మిగిలింది పదకొండు వందల సిడీలు. ఆ సంగతి ఆవిడకీ, దిండు కింది కవరుకీ తప్ప మూడో మనిషికి తెలీదు. హెడ్‌మాస్టరమ్మ అంటే డబ్బున్న మనిషని ఊరంతా అనుకుంటుంది. ఊరిని సరిదిద్దాలని ఆవిడకెప్పుడూ అనిపించలేదు.

"సార్పాంగ్! ఈ పాత బండికి మొత్తం రంగు వెయ్యాలి. శుక్రవారానికి. ఎంతవుతుంది?"

మేస్త్రి ముఖం పాలిపోయింది. వేలు పెదవుల మీదికి వెళ్ళింది. "మెల్లగా మేడమ్. బండి వింటోంది. ఇలా టైర్ల వెనక్కి రండి, మాట్లాడుకుందాం."

"ఏమిటీ?"

"బండి వింటోందండీ."

"నీకు నేను ఏ తరగతిలో చెప్పాను?"

"ఐదులోనండీ."

"శబ్దం ఎలా ప్రయాణిస్తుందో చెప్పానా, లేదా?"

"చెప్పారండీ. గాలిలోంచి వచ్చి చెవికి తగుల్తుందండీ."

"కారుకి చెవి ఉందా?"

మేస్త్రి ఒక్కసారి పక్క అద్దం వంక చూసి, తల దించుకున్నాడు. గడ్డాలవాళ్ళంతా కిసుక్కుమన్నారు. మేడమ్‌కి పట్టుదల పెరిగింది. "నేను టైర్ల చాటుకి ఎక్కడికీ రాను. దొంగసొమ్ము బేరమా ఇది? ఇక్కడే చెప్పు, అందరూ విననీ."

"వద్దు మేడమ్."

"చెప్పమన్నానా!"

ఐదో తరగతి అంత తేలిగ్గా వదిలేది కాదు. మేస్త్రి చేతులు కట్టుకుని, నేల చూస్తూ, పాఠం అప్పజెప్పినట్టు చెప్పేశాడు. "మొత్తం బండికైతే నాలుగు వేలండీ."

చుట్టూ ముప్పైమంది పూర్వ విద్యార్థులు. వాళ్ళ ముందు బేరమాడడం తన వల్ల కాదు. ఉన్నదింతే అని చెప్పడంకన్నా చావు నయం. అప్పుడావిడ, తన పిల్లలెవరైనా చేస్తే గుంజీళ్ళు తీయించేంత తెలివితక్కువ పని చేసింది. తాళాలు మేస్త్రి చేతిలో పడేసి, "సరే," అంది.

"చూశారా! బేరం లేదు, గీరం లేదు! హెడ్‌మాస్టరమ్మంటే అదీ!" అన్నాడు అట్టా. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వింటూ మేడమ్ బస్సు ఎక్కి వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి బట్టల పెట్టె తెరిచి, తనకున్న ఒక్క మంచి నేత బట్టనీ చూసుకుంది. అన్న పెట్టిన బట్ట. అమ్మితే రంగు ఖర్చు వస్తుందేమో గాని, అన్న పెట్టింది అమ్మి అన్న వెనకాల నడవడమా? మళ్ళీ మడతపెట్టేసింది. ఆ రాత్రంతా ఆవిడ నిద్ర పోలేదు.

మంగళవారం వెళ్ళి చూస్తే మేస్త్రి ప్యూజోకి స్నానం చేయిస్తున్నాడు. గరుకు కాగితం ముట్టుకోలేదు. "ఏం, ఇంకా మొదలెట్టలేదే?" అంటే, "దానికింకా అలసట తీరలేదండీ," అన్నాడు.

బుధవారం వెళితే మళ్ళీ స్నానమే.

"నాకు శనివారం పని ఉంది సార్పాంగ్!"

"తెలుసండీ. అన్నగారికి నా నమస్కారం. కాని బండి ఇంకా సరేననలేదు."

అటునుంచి అట్టా కేకేశాడు. "నాలుగు వేలు పుచ్చుకుని రోజూ నీళ్ళేనా మేస్త్రీ? మేడమ్ డబ్బుకి ఇంత అన్యాయమా?"

యార్డంతా ఇటు తిరిగింది. మేడమ్ వాళ్ళని చూసింది. స్నానం చేసి తళతళలాడుతూ, సగం రంగు లేకుండా నిలబడ్డ తన కారుని చూసింది. ముప్పై నాలుగేళ్ళు సైన్సు చెప్పిన ఆ నోరు చిన్నగా తెరుచుకుంది.

"సార్పాంగ్... ఇటు రా నాయనా. బండి వింటోంది."

ఎవరూ నవ్వలేదు. మేస్త్రి బకెట్టు దించి, చేతులు తుడుచుకుని, ఆవిడ ముందు నడిచాడు.

టైర్ల వెనక ఒక చిన్న బల్ల ఉంది. కూర్చునీ కూర్చునీ దాని నడుమ గుంటపడి నున్నగా అయిపోయింది. పక్కన మూతపెట్టిన మంచినీళ్ళ చెంబు, ఉతికిన చేతిగుడ్డ. అక్కడ కూర్చుంటే సుత్తుల మోత వినపడుతుందే గాని యార్డువాళ్ళు కనపడరు, వాళ్ళకి మనమూ కనపడం. మేడమ్ ఆ బల్లనీ, ఆ గుడ్డనీ చాలాసేపు చూసింది. ఎంతమంది ఇక్కడ కూర్చుంటే ఒక బల్ల ఇంతలా అరుగుతుందో ఆవిడకి లెక్క తెలుసు.

"నా దగ్గర పదకొండు వందలే ఉన్నాయిరా," అంది.

"అంతేనండీ నేను అడగబోయేది."

"జాలిపడకు. నాకు జాలి పడదు."

"జాలి కాదండీ, సైన్సు. ఎండ ఎక్కడ పడుతుంది? పైన. పాడయింది బానెట్టు, టాపు, డిక్కీ మూత. ఆ మూడింటికే గీకి, లప్పం పెట్టి, రంగు కొడతాను. తలుపుల మీద రంగు బాగానే ఉంది. మూడు రోజులుగా కడిగి చూస్తున్నది అందుకే. వాటికి పాలిష్ పెట్టి, కొత్త రంగుని ఆ నీలానికి కలుపుతాను. మొత్తం బండికని మీరడిగితే మొత్తం ధర చెప్పాను. ఇక్కడికొచ్చుంటే సోమవారమే చెప్పేవాణ్ణి."

మేడమ్ చెంబెత్తి నీళ్ళు తాగింది. "నిజం చెప్పు. కారుకి వినపడుతుందా?"

"కారుకి చెవులెక్కడివండీ? చెవులన్నీ ఈ యార్డువాళ్ళకే." మేస్త్రి ముఖం ఎప్పటిలాగే గంభీరంగా ఉంది. "మా నాన్న ఇక్కడే అందరి ముందూ, తన దగ్గర డబ్బులేదని పైకి చెప్పాల్సొచ్చింది. ఆ తర్వాత ఈ వీధిలోకే రాలేదాయన. అందుకని బండి మీద పెట్టి చెబుతానండీ. నన్ను పిచ్చోడనుకుంటారు. పోనీండి, దానికేం ఖర్చు లేదు."

శుక్రవారం సాయంత్రం మేడమ్‌తో పాటు మేనమామ బోనా కూడా వచ్చాడు, ముందు నడవడానికి ఆ కారు పనికొస్తుందో లేదో తేల్చడానికి. ప్యూజో షెడ్డు ముందు నిలబడి ఉంది. కొత్త నీలానికీ పాత నీలానికీ నడుమ గీత ఎక్కడుందో ముసలాయన కళ్ళు చిట్లించి వెతికాడు. ఊతకర్రతో ఒక చుట్టు చుట్టాడు, రెండో చుట్టూ చుట్టాడు. దొరకలేదు.

"రేపు నువ్వే ముందు పద అమ్మాయ్," అన్నాడు చివరికి. "మీ అన్న చూస్తే సంతోషించేవాడు."

మేడమ్ కళ్ళు తుడుచుకుంది. ముసలాయన అంతటితో ఆగితే బాగుండేది. అందరివైపూ తిరిగి, గొంతెత్తి, "ఏం మేస్త్రీ, ఎంత గుంజావు మా పిల్ల దగ్గర?" అన్నాడు.

యార్డు చెవులు రిక్కించింది. మేడమ్ మేస్త్రి వంక చూసింది. మేస్త్రి వేలు పెదవుల మీదికి పోలేదు. వచ్చి కారు ఎదురుగానే నిలబడ్డాడు.

"నేను అడిగినదంతా ఇచ్చారండీ," అన్నాడు అందరికీ వినపడేలా. "ఒక్క సిడీ తగ్గించమనలేదు."

"అదీ!" అని అరిచాడు అట్టా. చప్పట్లు మోగాయి. బోనా ఛాతీ విరుచుకుని ముందు సీట్లో కూర్చున్నాడు.

మేడమ్ స్టీరింగు పట్టుకుని, మేస్త్రి చెప్పిన రెండు వాక్యాల్నీ పరీక్ష పేపరు దిద్దినట్టు మనసులో దిద్ది చూసింది. ఎంత వెతికినా ఒక్క తప్పు కూడా దొరకలేదు.